వెనక నలభై మంది

సోమవారం తొమ్మిదింటికి ఆసుపత్రి కౌంటర్ కిటికీ తెరవగానే మొదట కనిపించేది గడియారాలాయన టోపీ. మనిషి పొట్టి. గట్టు మీదికి ముందు టోపీ లేస్తుంది, తర్వాత కళ్ళజోడు, ఆ తర్వాత నవ్వు. ఈ మూడూ వచ్చాక, "నా వంతు వచ్చిందా తల్లీ?" అన్న ప్రశ్న వస్తుంది. తనకు వినపడదు కనక హాలు మొత్తానికీ వినపడేలా అడుగుతాడు.

కిటికీ లోపల కూర్చున్న వరసక్క చిత్తుకాగితం ముక్క మీద "ఇంకా లేదు బాబాయిగారూ" అని రాసి కిటికీలోంచి అందించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గడియారం లోపలి మరలు చూసేటప్పటిలాగే ఒక కన్ను మూసి, ఆ మూడు మాటలూ చదివాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, "సరే, వచ్చే సోమవారం కనపడతా" అన్నాడు. మూడేళ్ళుగా ఇదే తంతు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మీరింత దూరం నడిచి రానక్కర్లేదు అని ఆమె ఎన్నిసార్లు రాసిచ్చిందో లెక్కలేదు. ఆ కాగితాలూ ఆ జేబులోకే వెళ్ళాయి.

ఆయన దుకాణం ఆసుపత్రికి రెండు వీధుల అవతల, ఒక మెట్ల కింద ఉంటుంది. ఇంట్లో గోడ గడియారం ఆగిపోతే కిందటేడు వరసక్క దాన్ని పట్టుకుని వెళ్ళింది. ఆయన దాని వీపు విప్పి, ఏదో కదిపి, చెక్కపిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. దాని మొన గడియారం మీద ఆనించి, పిడిని తన చెవి వెనక ఎముకకు గట్టిగా నొక్కుకుని, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ముఖం విప్పారింది. "నడుస్తోంది. కానీ కుంటుతోంది. రేపు రా" అన్నాడు. గడియారాల మాట ఆయనకు ఆ స్క్రూడ్రైవర్ చెబుతుంది. మనుషులకు స్క్రూడ్రైవర్ పెట్టలేడు కనక వాళ్ళు చెప్పింది సగం ఊహించుకుంటాడు. ఆ ఊహల్లో పడి గోడ గడియారానికి కొత్త అద్దం వేయమంటే కొత్త ముళ్ళు వేశాడనీ, కొడుకు దుకాణం మూసెయ్యమంటున్నాడనీ వరసక్కకు తెలుసు. ఈ ఏడు చివరిదాకా చూసి, అప్పటికీ చెవి మిషన్ రాకపోతే మూసేస్తానని కొడుక్కి మాటిచ్చాడట. అది కూడా హాలంతా వినపడేలాగే చెప్పాడు.

వరసక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. "వరసలో రండి, వరసలో రండి" అని కిటికీలోంచి అరిచి అరిచి సగమూ, కంప్యూటర్‌లో చేసే పని వల్ల సగమూ ఆ పేరు ఖాయమైపోయింది. చెవి మిషన్ కోసం పేరు రాయించుకున్న ప్రతి మనిషికీ డేటాబేస్‌లో ఒక వరస ఉంటుంది. క్రమసంఖ్య, పేరు, రాయించుకున్న తేదీ, చెవి పరీక్ష ఫలితం, ఫోన్ నంబరు, ఆఖరి గడిలో స్థితి. అందరి స్థితీ 'వేచి ఉన్నారు'. మిషన్లు ఎన్ని వస్తే అన్ని వరసల్లో మాత్రం దాన్ని 'పిలవాలి' అని మార్చాలి. ఒకటి ఎక్కువ మారిస్తే ఒక మనిషి వట్టి చేతులతో ఇంటికి పోతాడు. ఒకటి తక్కువైతే ఒక మిషన్ బీరువాలో మగ్గుతుంది.

ఈ పనేమిటో ఇంట్లో అత్తగారికి చెప్పబోయి ఒకసారి నవ్వులపాలైంది. "వరసలు మారుస్తాను అత్తయ్యా" అని చెవి దగ్గర అరిస్తే, అత్తగారు కూరగాయలు తరిగే కత్తి ఆపి, "వరసలు మారిస్తే కొంపలు మునగవటే? నన్నేం చేద్దామనుకుంటున్నావ్, వదిననా?" అంది. అత్తగారికీ చెవులు మొరాయించి రెండేళ్ళయింది. పేరు రాయించుకోమంటే, నాకు వినపడకపోతే నీకే కదా హాయి అంటూ దాటేసి, చివరికి రెండు నెలల కిందట ఒప్పుకుంది. జాబితాలో ఆరు వందల పన్నెండు మంది. ఆవిడ క్రమసంఖ్య ఐదు వందల తొంభై ఎనిమిది. గడియారాలాయనది పదకొండు.

*

గురువారం మధ్యాహ్నం అట్టపెట్టె వచ్చింది. ఏడాదిన్నర తర్వాత రావడంతో స్టోరు మనిషి టేపు కోస్తుంటే నర్సులు కూడా పని ఆపి వచ్చి చూశారు. వరసక్క చిన్న పెట్టెల్ని బల్ల మీద పదేసి చొప్పున పేర్చి, రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై. మళ్ళీ ఎప్పుడొస్తాయో పంపిన వాళ్ళకే తెలియదు.

చెవుల డాక్టరమ్మ మనిషి మంచిది, మాట మాత్రం ఒక చోట నిలబడి పూర్తిచెయ్యదు. సగం గదిలో అంటుంది, సగం వరండాలో అంటుంది. ఆ రోజూ ఆపరేషన్ గదికి పోతూ పోతూ, నోట్లో పెన్నుతో, "వెనక పేరు రాయించుకున్నవాళ్ళున్నారు చూడు, ఓ నలభై మంది, వాళ్ళని ముందు పిలిచెయ్యమ్మాయ్. బుధవారం పెట్టేద్దాం" అనేసి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వరసక్క ఆ 'వెనక'ను పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. జాబితాలో వెనక ఉన్నవాళ్ళంటే కొత్తగా చేరినవాళ్ళు. వాళ్ళను ముందు పిలవడం ఏమిటా అని ఒక క్షణం అనిపించింది. అంతలోనే జవాబూ దొరికింది. రెండేళ్ళ నాటి చెవి పరీక్షలు పెట్టుకుని మిషన్లు ఎలా సరిచెయ్యను అని డాక్టరమ్మ పోయిన వారమే విసుక్కుంది. కొత్తవాళ్ళ పరీక్షలు తాజాగా ఉన్నాయి. సబబుగానే ఉంది.

ఆమె పని పద్ధతి ఆమెది. కంప్యూటర్‌కి ఇవ్వబోయే ఆజ్ఞను ముందు చిత్తుకాగితం వెనక పెన్సిల్‌తో రాసుకుంటుంది. స్థితి 'వేచి ఉన్నారు' అన్న వరసలు మాత్రమే తీసుకో. క్రమసంఖ్య పెద్దది ముందు. నలభై దాటకు. ఆ నలభై అన్న అంకె చుట్టూ సున్నా చుడుతుంది. ఆమెకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ఒకసారి ఆ అంకె వెయ్యడం మరిచి జాబితా మొత్తాన్నీ పిలిచేశాడు. ఆ రోజు హాల్లో కుర్చీలు రెండు విరిగాయి, ఆయన వారం రోజులు పెరటి తలుపులోంచి వచ్చి వెళ్ళాడు. అందుకని వరసక్క ఎప్పుడూ మార్చడానికి ముందు ఆ వరసల్ని ఒకసారి తెర మీదికి రప్పించి చూస్తుంది. చూసి, లెక్కపెట్టి, పాత స్థితికి నకలు తీసి పక్కన దాచి, అప్పుడు మారుస్తుంది.

తెర మీదికి నలభై వరసలు వచ్చాయి. వేలితో పైనుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వస్తోంది. పదిహేనో వరస దగ్గర వేలు ఆగిపోయింది. అత్తగారి పేరు.

గుండె ఒక్కసారి ఎగిరింది. సంతోషంతోనే, అబద్ధం ఎందుకు. పొద్దున్నే టీ ఇస్తూ పిలిస్తే పలికే అత్తగారూ, వాకిట్లో బండి హారన్‌కి పక్కకు తప్పుకునే అత్తగారూ కళ్ళముందు తిరిగారు. ఆ వెనకాలే ఇంకో ఆలోచన వచ్చింది. డాక్టరమ్మను ఒక్కసారి అడిగి వస్తే? వెనక అంటే ఏ వెనక అని. కుర్చీలోంచి సగం లేచింది కూడా. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది కదా, ఇప్పుడేం అడుగుతాం అనుకుని మళ్ళీ కూర్చుంది. ఆ గది తలుపు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆపరేషన్ ఇంకా మొదలు కాలేదు, నర్సులు బయటే నిలబడి చేతులు తుడుచుకుంటున్నారు.

ఆజ్ఞ ఇచ్చింది. నలభై వరసలు మారాయి అని కంప్యూటర్ చెప్పింది. సరిగ్గా నలభై. మార్పును ఖాయం చేసింది. సాయంత్రం అయిదింటికి మెసేజ్‌లు వాటంతట అవే వెళ్ళాయి.

*

ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారి దగ్గర వార్త ముదిరిపోయి ఉంది. ఫోన్‌లో మెసేజ్‌ని ఎదురింటావిడకూ పక్కింటావిడకూ చూపించింది. బస్సు నడిపే కొడుకు రాగానే వాడికీ చూపించింది. "బుధవారం నుంచి మీ ఆలుమగల గుసగుసలు అన్నీ నాకు వినపడతాయి, జాగ్రత్త" అని ఇద్దర్నీ హెచ్చరించింది. కొడుకు పగలబడి నవ్వాడు. వరసక్క కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఆదివారం పొద్దున అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని, అరచేతిలో పట్టే ఒక రేకు డబ్బాను గుడ్డతో తోముతోంది. మూత మీద రంగు పోయి ఎప్పుడో బొమ్మ చెరిగిపోయింది. అడుగున మెత్తటి పాత గుడ్డ ముక్క కత్తిరించి పరిచింది. రాత్రి పడుకునేటప్పుడు చెవి మిషన్ తీసి పెట్టుకోవడానికట. స్నానం చేసేటప్పుడు తడవకుండా కూడా ఇందులోనే పెట్టాలని నర్సు చెప్పిందా అని కోడల్ని అడిగింది. వరసక్క అవునని తలూపి, డబ్బా బాగుంది, ఎక్కడిది అని సైగ చేసింది.

"వెనక దీంట్లో బొత్తాలుండేవి" అంది అత్తగారు.

వరసక్క డబ్బా చేతిలోకి తీసుకుని, తిప్పి దాని వెనక వైపు చూసింది. అక్కడ అర లాంటిదేమీ లేదు. గోరుతో తట్టి చూసింది.

అత్తగారు ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. "డబ్బా వెనకాల కాదే పిచ్చిదానా! వెనక అంటే ఇదివరకు. మీ మామగారి చొక్కాలు కుట్టే రోజుల్లో. అన్నీ మీ కంప్యూటర్‌లోలాగా ముందూ వెనకా అంటే ఎట్లా?"

వరసక్క డబ్బాను తట్టడం ఆపేసింది. వెనక ఒకసారి చెప్పాను కదా అంటుంది అత్తగారు, రోజుకు పదిసార్లు. వెనక మనం ఆ ఇంట్లో ఉన్నప్పుడు అంటుంది. ఆరు నెలల్లో రిటైరయ్యే డాక్టరమ్మా అలాగే అంటుంది, వెనక ఇక్కడ ఒక పెద్ద డాక్టరుండేవాడు అని. ఆ మాట ఆమె చెవిన పడనిది కాదు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. వెనక పేరు రాయించుకున్నవాళ్ళు. ఇదివరకెప్పుడో రాయించుకుని, ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నవాళ్ళు.

"ఏమైందే, ముఖం అట్లా పెట్టావు?" అంది అత్తగారు. ఏం లేదని తల అడ్డంగా ఊపి, వరసక్క డబ్బాను జాగ్రత్తగా ఆవిడ ఒడిలో పెట్టింది.

*

సోమవారం ఎనిమిదింపావుకే ఆమె ఆసుపత్రికి వచ్చేసింది. అప్పటికే బల్ల మీద గడియారాలాయన ఉన్నాడు. కిటికీ తెరిచేదాకా ఆగకుండా లేచి ఎదురొచ్చాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగలేదు. జేబులోంచి ఫోన్ తీసి రెండు చేతులతో అందించాడు.

"మా మెట్ల మీద ఇంటాయనకి మెసేజ్ వచ్చిందట తల్లీ. ఆయన మొన్న మొన్న రాయించుకున్నాడు. మరి నాకూ వచ్చే ఉండాలి కదా? నా ఫోనే ఏదో పాడైంది. గడియారమైతే విప్పి చూసుకుందును. ఇది నా వల్ల కాదు. కాస్త చూసిపెడతావా?"

కోపంగా అడిగి ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. తన పేరు తప్పిపోయి ఉంటుందన్న ఊహే ఆయనకు రాలేదు. మూడేళ్ళుగా కిటికీ అవతల కూర్చున్న ఈ పిల్ల మీద నమ్మకం అంతటిది. ఫోన్ తీసుకుని ఊరికే రెండుసార్లు నొక్కింది, కళ్ళు మసకేసి ఏమీ కనపడలేదు. కాగితం ముక్క తీసి రాసింది. "ఫోన్ బాగానే ఉంది. తప్పు నాది. ఇక్కడే కూర్చోండి, వెళ్ళిపోకండి."

ఆయన చదివి, ఒక కన్ను మూసుకునే ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ కారు దిగి చేతిసంచీ భుజానికి తగిలించుకుంటుండగానే వరసక్క అడ్డం నిలబడింది. ఇవాళ సగం మాట వరండాలో సగం గదిలో కుదరదని అర్థమై డాక్టరమ్మ ఆగింది. వరసక్క మెట్ల దగ్గరే అంతా చెప్పేసింది. వెనక అన్న మాటను జాబితాకు వెనక అనుకున్నాననీ, చివరి నలభై మందిని పిలిచాననీ, పాత నలభై మంది అలాగే ఉండిపోయారనీ, మెసేజ్‌లు వెళ్ళి నాలుగు రోజులైందనీ. చివర్లో, ఆ నలభై మందిలో తన అత్తగారు ఉన్నారని కూడా చెప్పింది.

డాక్టరమ్మ సంచీ కింద పెట్టి నుదురు రుద్దుకుంది. "నా మాటా అట్లాగే ఏడిసింది" అంది. "మా మనవరాలు కూడా నన్ను ఇదే అంటుంది. సరే, తప్పు ఇద్దరిదీ. సగం నీది, సగం నాది. బుధవారానికి ఇంకా రెండు రోజులుంది. మార్చెయ్. పాతవాళ్ళని రేపే రమ్మను, పరీక్షలు మళ్ళీ నేనే చేస్తా."

అంత తేలిగ్గా సగం పంచుకునేసరికి, మిగిలిన సగంలో చెప్పకుండా దాచిన చిన్న ముక్క ఆమె గొంతులోనే ఉండిపోయింది. పదిహేనో వరస దగ్గర ఆగిన వేలి సంగతి.

కుర్చీలో కూర్చుని పెన్సిల్ తీసింది. గురువారం దాచిన నకలు తెరిచి, మొదట ఆ నలభై వరసల్నీ ఎప్పటిలా 'వేచి ఉన్నారు'లోకి తెచ్చింది. నలభై వరసలు మారాయి. తర్వాత రెండో ఆజ్ఞ. రాయించుకున్న తేదీ ప్రకారం, పాతది ముందు. ఒకే రోజున ఇద్దరు ముగ్గురు రాయించుకుని ఉంటే కంప్యూటర్ ఇష్టం వచ్చినవాణ్ణి తీసుకుంటుంది కనక, తేదీ కలిస్తే క్రమసంఖ్య చిన్నది ముందు. నలభై దాటకు. తెర మీదికి రప్పించి వేలితో లెక్కపెట్టింది. పదకొండో వరస దగ్గర మళ్ళీ వేలు ఆగింది. ఈసారి తలెత్తి కిటికీలోంచి చూస్తే ఆయన బల్ల మీద, ఒళ్ళో టోపీతో, తన వైపే చూస్తున్నాడు. ఆజ్ఞ ఇచ్చింది. నిమిషంలో ఆయన చేతిలో ఫోన్ వెలిగింది. చదివి, కాసేపటికి లేచి కిటికీ దగ్గరకు వచ్చి, "నా ఫోన్ బాగానే ఉంది తల్లీ" అని హాలంతటికీ చెప్పాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. పిలిచి, రావద్దని చెప్పాల్సిన వాళ్ళు నలభై మంది. మెసేజ్ పంపి ఊరుకోవచ్చని పక్క కుర్చీలో గుమస్తా అన్నాడు. వరసక్క ఊరుకోలేదు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. వినపడని వాళ్ళకు ఫోన్ చేసి క్షమించమని చెప్పడం ఎంత పనో చేసిన వాళ్ళకే తెలుస్తుంది. "పొరపాటైందండీ, బుధవారం రావద్దండీ" అని ఆమె అరుస్తుంటే అవతలి నుంచి "బుధవారమేగా, వస్తాంలే అమ్మా, చల్లగా ఉండు" అని ఆశీర్వాదాలు వచ్చాయి. మళ్ళీ అరిచేది. ఇంట్లో ఎవరైనా ఉంటే ఇవ్వమనేది. హాల్లో ఉన్న రోగులందరికీ ఆమె తప్పు పదే పదే వినపడింది. ఒకాయన తిట్టాడు, అది ఆమెకు ఊరటగానే అనిపించింది. ఒకావిడ మాత్రం "నేనూ అనుకున్నాలే, నాకింత తొందరగా ఎందుకొస్తుందని" అని మెల్లగా ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత కాసేపు వరసక్క ఇంకో నంబరు నొక్కలేకపోయింది.

పాతవాళ్ళ ఇళ్ళకూ చేసింది. ఇద్దరి ఇళ్ళల్లో, ఆయన పోయారమ్మా అనీ, అమ్మ పోయి ఆరు నెలలైందనీ చెప్పారు. ఆ రెండు వరసల్లో స్థితి మార్చి, నలభై ఒకటీ నలభై రెండూ కలిపింది. సాయంత్రానికి గొంతు పూర్తిగా పోయింది. ముప్ఫై తొమ్మిది పేర్ల పక్కన పెన్సిల్ గీతలున్నాయి. మిగిలిన ఒక్కరూ ఇంట్లో ఉన్నారు.

*

వంటింట్లో అత్తగారు గిన్నెలు తోముతోంది. వరసక్క చీటీ దారిలోనే రాసి ఉంచింది. గొంతు పోవడం ఒకందుకు మంచిదే అయింది. అత్తగారు చేతులు తుడుచుకుని, చీటీని కిటికీ వెలుగులో పట్టుకుని చదివింది. "మీ మిషన్ ఇప్పుడు రాదు అత్తయ్యా. వెనక అన్న మాట నాకు తప్పుగా అర్థమైంది. మూడేళ్ళ నుంచి కాచుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళని దాటించి మిమ్మల్ని పిలిచేశాను."

రెండుసార్లు చదివింది. "మీ గడియారాలాయన కూడా వాళ్ళల్లోనేనా?" అని అడిగింది. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆయన టోపీ కథలు వింటూనే ఉంది, వినపడినంత మేరకు. వరసక్క అవునని తలూపింది.

"అయితే ఇంక మాట్లాడకు. మూడేళ్ళు తిరిగిన మనిషిని తోసుకుని ముందుకు పోతే ఆ మిషన్‌లో నాకేం వినపడుతుంది?"

అంతే అంది. కానీ అలమర దగ్గరకు వెళ్ళి, రేకు డబ్బా తీసి, అడుగున పరిచిన మెత్తటి గుడ్డను మడిచి పక్కన పెట్టింది. సీసాలో పోసి ఉంచిన బొత్తాలను మళ్ళీ డబ్బాలో పోసింది. రేకు మీద బొత్తాలు గలగలమని పడ్డాయి. ఆ చప్పుడు ఇంట్లో అందరికీ వినపడింది, ఆవిడకు తప్ప. మూత పెట్టి, డబ్బాను పై అరలో వెనక్కి తోసేసి, మళ్ళీ గిన్నెల దగ్గరకు వచ్చింది. వరసక్కకు ఏడుపొచ్చింది. ఆవిడ వీపు వెనక నిలబడి, పోయిన గొంతుతోనే, "మీ పేరు చూశాకే నేను డాక్టరమ్మని అడగలేదు అత్తయ్యా" అంది.

అత్తగారు పెద్ద స్టీలు గిన్నెను తిప్పి తిప్పి తుడుస్తూనే ఉంది.

*

బుధవారం నలభై మందికీ మిషన్లు పెట్టారు. మిషన్ ఆన్ చెయ్యగానే ఒకాయన తన దగ్గుకు తానే ఉలిక్కిపడ్డాడు. ఒకావిడ తన గాజుల చప్పుడు విని, చేతిని మళ్ళీ మళ్ళీ ఊపి చూసుకుంది. గడియారాలాయన వంతు పదకొండో వంతే. బయటికి వచ్చి, తిన్నగా కౌంటర్ దగ్గరకు నడిచాడు. టోపీ, కళ్ళజోడు, నవ్వు.

"నేను లోపలికొస్తే ఎవరో ఒకరు బయటికి పోయుంటారు కదా తల్లీ. ఎవరు?" అని అడిగాడు. మొదటిసారి మామూలు గొంతుతో, పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా అడిగాడు.

వరసక్క అలవాటు కొద్దీ చిత్తుకాగితం తీసి "మా అత్తగారు" అని రాసి అందించింది. ఆయన చదివి నవ్వాడు. "నోటితో చెప్తే వినపడుతుందమ్మా ఇప్పుడు" అన్నాడు. ఆమె నాలుక కరుచుకుంది. ఆయన కాగితాన్ని మాత్రం ఎప్పటిలా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. సోమవారం కాని రోజున ఆయన రావడం అదే మొదలు. పాత గుడ్డలో చుట్టిన పొడవాటి వస్తువొకటి కిటికీ గట్టు మీద పెట్టి, "దీనితో నాకింక పనిలేదు. ఆవిడ వంతు వచ్చేదాకా వాడుకోమను. పిడి ఎముకకి గట్టిగా నొక్కాలి, చెప్పు" అని, కొట్టు తెరవాలంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం అత్తగారు కుర్చీ ఎక్కింది. కొడుకు కుర్చీ పట్టుకున్నాడు. గోడ గడియారం మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి, చెక్కపిడిని కోడలు చూపించినట్టు చెవి వెనక ఎముకకు నొక్కుకుంది. ఏమీ లేదని పెదవి విరిచింది. ఇంకాస్త పైకి జరిపింది. అప్పుడు కదలకుండా ఉండిపోయింది. పెదాలు మాత్రం టిక్కు, టిక్కు అని మెల్లగా కదిలాయి. రెండేళ్ళుగా ఊరికే ముళ్ళు తిప్పుకుంటూ వేలాడిన గడియారం ఆవిడతో మాట్లాడింది.

ఆ తర్వాత ఇల్లంతా ఆవిడ చేతిలో పడింది. ఫ్రిజ్‌కు పెట్టింది, నీళ్ళ పంపుకు పెట్టింది. కుట్టుమిషన్‌కు పెట్టి కోడల్ని తొక్కమంది. కొడుకు పొట్టకు పెట్టి, "వీడికి ఆకలేస్తోంది, ఇక్కడ బస్సు నడుస్తోంది" అంది. వాడు నవ్వుకుంటూ వాకిట్లోకి పారిపోయాడు. చివరికి వరసక్క వైపు తిరిగింది. ఆమె మెడ కింద, ఎముక మీద మొన మెల్లగా ఆనించి, పిడికి తల వాల్చింది.

"సోమవారం నాడు నా వెనకాల నిలబడి ఏదో అన్నావు. గిన్నెలో నీ మూతి కదలడం కనపడింది. ఇప్పుడను."

వరసక్క తల తిప్పుకోబోయింది. అత్తగారు రెండో చేత్తో గడ్డం పట్టుకుని తిప్పనివ్వలేదు. ఇద్దరి ముఖాల మధ్యా జానెడు స్క్రూడ్రైవర్ ఉంది.

"మీ పేరు చూశాకే అడగలేదు అత్తయ్యా" అంది వరసక్క. "అడగాలనిపించింది. లేచాను కూడా. మీ పేరు పోతుందని మళ్ళీ కూర్చున్నాను."

అత్తగారు కాసేపు అలాగే తల వాల్చి ఉంది, చెప్పాల్సింది ఇంకేమైనా ఉందేమో అన్నట్టు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసి, మొనను కొంగుతో తుడిచి, గుడ్డలో చుట్టసాగింది.

"ఏమీ వినపడలేదే" అంది. "అయినా అక్కడ నా పేరు కనపడితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే."